రాకడ తేదీ, బార్‌కోడ్, ఫార్వర్డ్ మెసేజ్‌లు: శ్రోతల ఫోన్లు

యాంకర్: లైన్లో ఒక సహోదరి ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: వందనాలు అయ్యగారూ. మా తమ్ముడికి ఆరు నెలలుగా ఒకటే ధ్యాస. యేసు ప్రభువు రెండో రాకడకి ఒకాయన తేదీ లెక్కగట్టి వీడియోలు పెడుతున్నాడు. మావాడు ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బంతా ఆయన పరిచర్యకి ఇచ్చేస్తానంటున్నాడు. వద్దంటే నాకు విశ్వాసం లేదంటాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పాస్టర్: వందనాలమ్మా. ముందు డబ్బు సంగతి చూద్దాం. ఆ తేదీకి అంతా అయిపోతుందని చెప్పే ఆ వీడియోలాయనకి ఆ డబ్బెందుకో తమ్ముణ్ణి అడగండి. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడగాలి.

శ్రోత: లెక్కంతా బైబిల్లోంచే అంటాడు అయ్యగారూ.

పాస్టర్: అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు కూడా బైబిల్లోని దానియేలు గ్రంథంలోంచే రాకడ లెక్కగట్టాడు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22 అని నమ్మారు. కొందరు పొలంలో పంట కూడా కోయలేదు. తెల్లారింది, ఏమీ జరగలేదు. అమెరికాలోనే హెరాల్డ్ క్యాంపింగ్ అనే ఇంకో బోధకుడైతే మనలాగే రేడియోలో మాట్లాడేవాడు. 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబర్ 21 అన్నాడు. మరుసటి ఏడు తను చేసింది పాపమని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నాకు నచ్చింది. కానీ అప్పటికే ఆయన మాట నమ్మి డబ్బు ఖర్చుపెట్టుకున్నవాళ్ళున్నారు.

శ్రోత: మరి మెలకువగా ఉండమన్నాడు కదా ప్రభువు?

పాస్టర్: అన్నాడు. ఆ దినమూ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి 24వ అధ్యాయంలోనే అన్నాడు. యజమాని వచ్చేసరికి పనిలో ఉన్న దాసుడే ధన్యుడని కూడా అక్కడే ఉంది. మీవాడు మానేస్తానంటున్నది ఆ పనినే. తమ్ముడితో వాదన పెట్టుకోకండి, కూర్చుని ఆ అధ్యాయం మొత్తం కలిసి చదవండి. వీడియోలో ఒక వచనం ముక్కే వినిపిస్తుంది. బెరయ ఊరి విశ్వాసులు అపొస్తలుడైన పౌలు చెప్పిందాన్నే రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. దానికి అపొస్తలుల కార్యాలు రాసిన లూకా వాళ్ళని మెచ్చుకున్నాడే గాని, విశ్వాసం లేదనలేదు.

యాంకర్: ఇంకొక సహోదరుడు లైన్లో ఉన్నారు.

శ్రోత: అయ్యగారూ, నేను సంఘ పెద్దని. బార్‌కోడ్‌లో 666 దాచారు, అదే ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగం ముద్ర అని మెసేజ్ వస్తే గ్రూప్‌లో పెట్టాను. తప్పని మా అబ్బాయి అంటున్నాడు.

పాస్టర్: అబ్బాయి చెప్పింది నిజమే. మొదటా మధ్యలో చివరా ఉండే జంట గీతలు స్కానర్‌కి హద్దులు చూపిస్తాయి, అవి అంకెలు కావు. 6 అంకెకి వాడే గీతలతో వాటికి కాస్త పోలిక ఉంది, పుకారు అక్కడే పుట్టింది. ప్రకటన 13వ అధ్యాయంలో ముద్ర కుడిచేతి మీదో నొసటి మీదో ఉంటుంది, మృగానికి మొక్కడంతో ముడిపడి ఉంటుంది. సరుకు ప్యాకెట్ మీద గీతలకి దానితో పనేంటి? హెబ్రీలో ఒక్కో అక్షరానికి ఒక విలువ ఉంటుంది, రోమా చక్రవర్తి నీరో కైసరు పేరులోని అక్షరాలు కూడితే ఆ 666 వస్తుందని చాలామంది పండితుల అభిప్రాయం. కొన్ని పాత ప్రతుల్లో అది 616 అని కూడా ఉంది.

శ్రోత: ఆ మెసేజ్ తీసేస్తే సరిపోతుందా?

పాస్టర్: చాలదండీ. చదివినవాళ్ళ భయం అలాగే ఉంటుంది కదా. థెస్సలొనీక సంఘానికీ ఇదే జరిగింది. ప్రభువు దినం వచ్చేసిందని పౌలు పేరుతో పత్రిక, అంటే ఉత్తరం, వచ్చినా బెదరొద్దని ఆయనే రాయాల్సి వచ్చింది. అప్పటి ఫార్వర్డ్ మెసేజ్ అనుకోండి! పత్రిక చివర తన చేతిరాత చూసి గుర్తుపట్టమన్నాడు. ఎవరన్నారో, ఎక్కడన్నారో తేలనిది ముందుకి పంపితే అబద్ధ సాక్ష్యంలో మన చెయ్యీ ఉన్నట్టే.

శ్రోత: పెద్దని కదా, సిగ్గుగా ఉంది.

పాస్టర్: పెద్ద కాబట్టే మీరు చెప్పాలి. అదే గ్రూప్‌లో, "నేను చూసుకోకుండా పెట్టాను, అది నిజం కాదు, క్షమించండి" అని రాయండి. కింద ఇంకో వీడియో మాత్రం జతచేయకండి.

శ్రోత: (నవ్వుతూ) సరే అయ్యగారూ. ఈ రాత్రే పెడతాను.