హిందూపురం ఎవరి కోట? ఒక నియోజకవర్గం చరిత్రను మనమే పట్టికగా వేసుకోవడం ఎలా

నమస్తే అండి. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగేటప్పుడు ఒకాయన అన్నాడు, "హిందూపురం అంటే నందమూరి వాళ్ల కోట అన్నా, అంతే." పక్కనున్నాయన ఒప్పుకోలేదు. "కోట నందమూరోళ్లది కాదు, సైకిల్ గుర్తుది" అన్నాడు. గ్లాసులు ఖాళీ అయినా వాదన తెగలేదు. ఇద్దరి దగ్గరా కాగితం ముక్క లేదు కదా, తెగదు. ఈ వీడియోలో ఆ కాగితం మనం తయారు చేద్దాం. హిందూపురం ఉదాహరణ మాత్రమే, మీ ఊరి నియోజకవర్గానికి కూడా పద్ధతి ఇదే.

ముందు ఒక ఖాళీ ఎక్సెల్ షీట్ తెరవండి. పై వరసలో ఇవి రాయండి: సంవత్సరం, సాధారణ ఎన్నికా ఉప ఎన్నికా, గెలిచినవారు, పార్టీ, వచ్చిన ఓట్లు, సమీప ప్రత్యర్థి, ఆయన ఓట్లు, మెజారిటీ. చివర్లో "గమనిక" అని ఒక గడి పెట్టండి, కాస్త వెడల్పుగా. అసలు చరిత్రంతా చివరికి ఆ గడిలోనే చేరుతుంది, చూస్తారుగా.

అంకెల కోసం భారత ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌కి వెళ్లండి. ప్రతి అసెంబ్లీ ఎన్నికకూ ఒక గణాంక నివేదిక ఉంటుంది. డౌన్‌లోడ్ చేశాక అందులో నియోజకవర్గాల వారీ ఫలితాల పేజీకి దిగండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. హిందూపురాలు రెండున్నాయి, ఒకటి అసెంబ్లీ, ఒకటి లోక్‌సభ. నేను మొదటిసారి పట్టిక వేసినప్పుడు రెండూ కలిపేసి, తర్వాత సగం చెరిపేసుకున్నాను. 2019 చూడండి. హిందూపురం లోక్‌సభ స్థానంలో వైఎస్సార్‌సీపీ తరఫున గోరంట్ల మాధవ్ గెలిచారు. అదే ఎన్నికల్లో హిందూపురం అసెంబ్లీలో తెలుగుదేశం తరఫున బాలకృష్ణ గెలిచారు. కాబట్టి పేరుతో పాటు ఏ సభో చూసి మరీ రాసుకోండి.

పాత వరసలు త్వరగా దాటేద్దాం. 1952లో మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, ఆ ఫలితాలు మద్రాసు ఫైల్లో ఉంటాయి. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1955లో దానికి ఎన్నికలు జరిగాయి. 1957 నివేదికలో హిందూపురం కనిపించక చాలామంది టెన్షన్ పడతారు. టెన్షన్ వద్దు, ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణ ప్రాంతానికే జరిగాయి. 1955లో గెలిచిన మనవాళ్లు 1962 దాకా కొనసాగారు. గమనికలో ఒక ముక్క రాసి ముందుకెళ్లండి.

1983 నుంచి మాత్రం నెమ్మదిగా నడుద్దాం. ఆ జనవరిలో కొత్త పార్టీ తెలుగుదేశం గాలి వీచింది, హిందూపురంలో ఆ పార్టీ అభ్యర్థి రంగనాయకులు గెలిచారు. ఎన్టీఆర్ ఆ ఎన్నికల్లో ఇక్కడ నిలబడలేదు. ఆయన గుడివాడ, తిరుపతిల నుంచి పోటీ చేశారు. అంటే ఈ పట్టికలో మొదటి పసుపు గడి నందమూరి ఇంటిపేరుతో లేదు. టీ కొట్టు దగ్గర రెండో ఆయనకు ఒక మార్కు.

1985 మార్చి మధ్యంతర ఎన్నికల్లో ఎన్టీఆర్ గుడివాడ, నల్లగొండ, హిందూపురం మూడు చోట్లా పోటీ చేసి మూడూ గెలిచారు. అప్పట్లో ఇన్ని స్థానాలకే అనే పరిమితి లేదు, 1996 సవరణతోనే రెండుకు కుదించారు. ఎన్ని గెలిచినా ఉంచుకోవాల్సింది ఒక్కటే. సొంత జిల్లాలోని గుడివాడను వదిలి ఆయన హిందూపురాన్ని ఉంచుకున్నారు. నన్నడిగితే, ఈ నియోజకవర్గానికి ఇప్పుడున్న 'కోట' అనే పేరు మొదలైంది ఆ నిర్ణయంతోనే. 1989లో కల్వకుర్తి, హిందూపురం రెండింటా నిలబడితే కల్వకుర్తిలో ఓడిపోయారు. ముఖ్యమంత్రే ఓడిపోయారని రాష్ట్రమంతా చెప్పుకున్నారు. హిందూపురం మాత్రం ఆయన్ను గెలిపించింది. ఐదేళ్లు ప్రతిపక్షంలో కూర్చున్నది ఈ సీటు మీదే. 1994లో టెక్కలి, హిందూపురం గెలిచి, మళ్లీ హిందూపురాన్నే ఉంచుకున్నారు.

ఇప్పుడు 1994 ఫైల్ మూసి 1999 ఫైల్ తెరిస్తే మధ్యలో ఒక వరస జారిపోతుంది. 1996 జనవరి 18న ఎన్టీఆర్ చనిపోయారు. అదే ఏడాది ఉప ఎన్నికలో హరికృష్ణ గెలిచారు. ఉప ఎన్నికల ఫలితాలు సాధారణ ఎన్నికల నివేదికలో ఉండవు, విడిగా వెతకాలి. ఎమ్మెల్యే చనిపోయినా రాజీనామా చేసినా ఆ రెండు ఫైళ్ల మధ్య తప్పకుండా తడిమి చూడండి.

తర్వాతి మూడు వరసలు చూడండి. 1999 వెంకట్రాముడు, 2004 రంగనాయకులు, 2009 అబ్దుల్ ఘని. ముగ్గురూ తెలుగుదేశమే, ముగ్గురిలో ఎవరూ నందమూరి కాదు, ఎవరికీ వెంటనే రెండో విడత రాలేదు. 2004లో పార్టీ రాష్ట్రమంతా కలిపి 47 సీట్లకు పడిపోయినా ఇక్కడ నిలబడింది. 1983 పేరు 2004లో మళ్లీ కనిపించింది, గమనించారా? ఇలా పేరు కలిసినప్పుడు ఇంటిపేరు, తండ్రి పేరు చూడకుండా ఒకే మనిషి అని రాసేయకండి. ఈ వరస మీకు హోంవర్క్.

2009 వరస పైన మందపాటి గీత గీయండి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత జరిగిన మొదటి ఎన్నిక అది. జిల్లాలో గోరంట్ల, నల్లమాడ పోయి పుట్టపర్తి, రాప్తాడు వచ్చాయి. మడకశిర ఎస్సీ రిజర్వుడ్ అయింది, అక్కడ గెలుస్తూ వచ్చిన రఘువీరారెడ్డి కళ్యాణదుర్గం వెళ్లి గెలిచారు. పట్టికలో పేరు మాయమైతే ఓడిపోయారనుకోకండి, సీటే మారి ఉండొచ్చు. హిందూపురం పేరు మారలేదు గానీ గీతకు ఇవతల హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు మండలాలు. 2022 ఏప్రిల్‌లో హిందూపురం అనంతపురం జిల్లా నుంచి కొత్త శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది, వెతికేటప్పుడు ఇబ్బంది పడతారు. 2014 ఫలితం ఉమ్మడి రాష్ట్రం ఫైల్లో, 294 సీట్ల మధ్య ఉంటుంది.

ఇక నాకిష్టమైన లెక్క. బాలకృష్ణ మూడు గెలుపులు చూడండి. 2014లో 81,543 ఓట్లు, ప్రత్యర్థికి 65,347, మెజారిటీ 16,196. 2019లో 91,704, ప్రత్యర్థికి 73,676, మెజారిటీ 18,028. "రాష్ట్రంలో పార్టీ 23 సీట్లకు పడిపోయినా బాలయ్య మెజారిటీ పెరిగింది" అని అందరూ చెప్పే మాట ఇదే. అంకె పెరిగింది, నిజం. కానీ ఓట్లు వేసినవాళ్లూ పెరిగారు కదా! మెజారిటీని ఆ ఇద్దరి ఓట్ల మొత్తంతో భాగించండి. 2014లో 11.03 శాతం, 2019లో 10.90. పెరగడం కాదు, ఒక పిసరు తగ్గింది. అయినా ఆ ఏడాది కర్నూలు, కడపల్లో పార్టీకి ఒక్క సీటూ రాలేదు, పాత అనంతపురం జిల్లాలో ఉరవకొండ, హిందూపురం మాత్రమే మిగిలాయి. అంత గాలిలో ఇంచుమించు అక్కడే ఆగడం పెద్ద విషయమే. దాన్ని దానిగా చెప్పండి, లేని పెరుగుదల అంటగట్టకండి.

ఈ ఫార్ములాను ఒక గడి కిందికి లాగండి. 2024లో 1,07,250కి 74,653, మెజారిటీ 32,597. శాతం 17.92 వస్తుంది. అసలు పెరగడమంటే ఇదీ.

పైకి లాగేటప్పుడు మాత్రం 2009 గీత దగ్గర ఆగండి. దాటినా ఎక్సెల్ ఏమీ అనదు, శాతం వేసి ఇచ్చేస్తుంది. కానీ అవతలి అంకెలు వేరే హద్దుల్లో ఓటు వేసినవాళ్లవి. అందుకే అవతలి శాతాలకు నేను వేరే రంగు వేసుకుంటాను.