దాతకు శాలువా కప్పే ముందు

శిబిరాలు నడిపే కార్యకర్తలకు, కాలేజీల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ప్రోగ్రాం ఆఫీసర్లకు, బ్లడ్ బ్యాంకు సిబ్బందికి నమస్కారం.

1975 నుంచి అక్టోబరు 1ని జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినంగా జరుపుకుంటున్నాం. ఈ రోజున ఊరూరా దాతలకు సన్మానాలు జరుగుతాయి. జరగాలి కూడా. అయితే రక్తదాతను గౌరవించడంలో మిగతా సేవలకు లేని చిక్కు ఒకటుంది. మొక్కలు నాటినవారికి అవసరానికి మించి బహుమతులిస్తే డబ్బు దండగవుతుంది, అంతే. రక్తదాతకు ఇవ్వకూడని బహుమతి ఇస్తే, దాని దెబ్బ ఎక్కడో ఆస్పత్రి మంచం మీదున్న రోగికి తగులుతుంది.

తీసిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. కానీ వైరస్ సోకిన కొత్తలో కొన్నాళ్లపాటు అది పరీక్షకు దొరకదు. ఆ రోజుల్లో రోగిని కాపాడేది ఫారం నింపేటప్పుడు దాత చెప్పే నిజమే. ఎదురుగా బల్ల మీద మిక్సీ పెట్టి, రక్తం ఇచ్చినవారి పేర్లతో లక్కీ డ్రా తీస్తామని మైకులో చెబుతుంటే, ‘పోయిన నెలే పచ్చబొట్టు వేయించుకున్నాను’ అని ఎంతమంది నోరు విప్పుతారు? డబ్బిచ్చి రక్తం తీసుకునే పద్ధతిని ఆపాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చింది. 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. సాగనంపిన పద్ధతిని బహుమతి రూపంలో మళ్లీ లోపలికి రానివ్వకండి.

మరి ఏది ఇవ్వొచ్చు? పండ్లరసం, బిస్కెట్లు, దారి ఖర్చు, చిన్న జ్ఞాపిక ఇస్తే అది స్వచ్ఛంద దానమే అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ అడిగే ప్రశ్న ఒకటుంది: ఇచ్చిన వస్తువును సులువుగా డబ్బు చేసుకోవచ్చా? చేసుకోగలిగితే ఆ సంచి మీద డబ్బు తీసుకున్న దాత రక్తమని లేబుల్ వేయాల్సిందే. మన దగ్గరా ఇదే కొలత పెట్టుకుందాం. దాత పేరు చెక్కిన బ్యాడ్జిని ఎవరూ కొనరు. హెల్మెట్‌ను కొంటారు.

సర్టిఫికెట్ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు బ్లడ్ గ్రూపు. దాత నోటితో చెప్పిన గ్రూపునే శిబిరంలో అప్పటికప్పుడు రాసి ఇచ్చేస్తారు. అది తప్పయితే ఆ కాగితం ఏళ్ల తరబడి పర్సులో తిరుగుతుంది. శిబిరంలో ధన్యవాద పత్రం మాత్రమే ఇవ్వండి. ల్యాబ్‌లో గ్రూపు ఖాయమయ్యాక కార్డు పంపండి. పేరు ఇంటిపేరుతో సహా దాత స్వహస్తంతో ఫారంలో ఎలా రాశారో అలాగే ఉండాలి. పేరు తప్పుపడిన సర్టిఫికెట్ ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే నయం. ‘ఈ కార్డు చూపిస్తే మీ కుటుంబానికి రక్తం ఉచితం’ అని అచ్చు వేసేవారు అది ఏ బ్లడ్ బ్యాంకులో, ఎన్నాళ్లవరకు చెల్లుతుందో, ప్రాసెసింగ్ చార్జీ (రక్తాన్ని పరీక్షించి భద్రపరిచే ఖర్చు) ఎవరు కడతారో కూడా అందులోనే రాయాలి. అర్ధరాత్రి వేరే ఊరి ఆస్పత్రిలో ఆ కార్డు చెల్లదని విన్న దాత మళ్లీ మన శిబిరానికి రాడు.

ఇక పతకాల లెక్క. 25, 50, 75, 100 సార్లు ఇచ్చినవారిని వేదిక మీదికి పిలుస్తున్నాం. ఈ లెక్క స్త్రీలకు అన్యాయం చేస్తోంది. ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. ఒక్కసారి కూడా గడువు తప్పకుండా ఇచ్చినా పాతికకు చేరడానికి పురుషుడికి దాదాపు 6 ఏళ్లు పడితే, స్త్రీకి దాదాపు 8 ఏళ్లు పడుతుంది. మధ్యలో కాన్పు, పిల్లకు పాలివ్వడం వస్తే ఇంకా ఆలస్యం. అందుకే 5 ఏళ్లు, 10 ఏళ్లు, 20 ఏళ్లుగా క్రమం తప్పకుండా ఇస్తున్నవారు అని సంవత్సరాల్లో లెక్కపెట్టండి. అంకె వెంట పడి 90 రోజులు నిండకుండానే వేరే బ్లడ్ బ్యాంకులో ఇచ్చేవారూ తగ్గుతారు.

జింబాబ్వేలో 1989లో యువత కోసం ఒక సంఘం మొదలైంది. అందులో చేరినవారు 25 సార్లు రక్తం ఇస్తామని మాట ఇస్తారు. రక్తం ఇవ్వడానికి తగినట్టుగా ఆరోగ్యంగా బతకడం ఆ మాటలో భాగం. అక్కడ గౌరవం మొదటి రోజే, మాట ఇచ్చినప్పుడే మొదలవుతుంది. మన కాలేజీల్లో ఇది చక్కగా నడుస్తుందని నా నమ్మకం.

ఒక్కరోజులో ఎక్కువ యూనిట్లు తీసిన సంస్థకు షీల్డు ఇవ్వడం మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను. 3 గంటల్లో 50 నుంచి 70 మంది, 5 గంటల్లో 100 నుంచి 120 మంది: నిబంధనల్లో ఉన్న లెక్క ఇది. దానికే 6 నుంచి 8 బల్లలకు ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ముగ్గురు టెక్నీషియన్లు, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు అటెండర్లు కావాలి. ఇదే బృందం మీదికి 500 మందిని తోలితే ముందు హిమోగ్లోబిన్ చూడటం మొక్కుబడి అవుతుంది. 12.5 లేని అమ్మాయి రక్తం ఇచ్చేసి మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోతుంది. తీసిందైనా నిలుస్తుందా? ప్లేట్‌లెట్లు 5 రోజులే ఉంటాయి. ఎర్రకణాలు మామూలు సంచిలో 35 రోజులు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లలకు అక్టోబరులో ఇచ్చింది మే నెలలో పనికిరాదు. షీల్డు ఇచ్చే తీరాలనుకుంటే, కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో చిన్నదైనా శిబిరం పెట్టినవారికి ఇవ్వండి.

వాయిదా పడినవారి సంగతి ఎవరికీ పట్టదు. బరువు 45 కిలోలు లేక, హిమోగ్లోబిన్ చాలక వెనుదిరిగిన పిల్లల గురించి ‘రిజెక్ట్’ అనే మాట వాడకండి. వాళ్లకూ పండ్లరసం, బ్యాడ్జి ఇవ్వండి. మళ్లీ ఎప్పుడు రావచ్చో, ఏం తినాలో చీటీ రాసివ్వండి. సన్మానాలకూ ఇదే పద్ధతి పాటిస్తే ఇంకో మేలుంది. పరీక్షలో ఏదో తేలి శాశ్వతంగా ఆగిపోయిన దాతను సన్మానాల జాబితాలోంచి తీసేస్తే, పక్కింటివాళ్లకు అనుమానం వస్తుంది. కారణం అడగకుండా పాత దాతలందరినీ పిలిస్తే ఆ గుట్టు కాపాడినవాళ్లం అవుతాం.

ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఆ గంటలను రక్తం ఇచ్చినందుకు వేయకండి. హాజరు కోసం, మార్కుల కోసం 18 నిండని పిల్లలు వయసు దాచి బల్లెక్కుతారు. రిజిస్టరు రాసినందుకు, దాతల పక్కన కూర్చుని కళ్లు తిరుగుతున్నాయేమో కనిపెట్టుకుని ఉన్నందుకు గంటలు వేయండి. శిబిరం ముగిసిన సాయంత్రమే డైరీలో సంతకం పెట్టాలి. నెల గడిస్తే ఎవరు ఎంతసేపున్నారో ఎవరికీ గుర్తుండదు.

స్వీడన్‌లో దాత రక్తాన్ని రోగికి వాడినప్పుడు దాత ఫోనుకు మెసేజ్ వెళుతుంది. రోగి పేరు ఉండదు, రక్తం వాడాం అని మాత్రమే ఉంటుంది. మన బ్లడ్ బ్యాంకుల్లోనూ ప్రతి సంచికీ నంబరుంటుంది, బయటికి వెళ్లిన తేదీ రిజిస్టరులో ఉంటుంది. రోజూ ఒక కార్యకర్త అరగంట కూర్చుంటే ఆ మెసేజ్‌లు పంపొచ్చు. అదే జాబితాలో పురుషులకు 91వ రోజు, స్త్రీలకు 121వ రోజు వేసుకోండి. ఆ రోజు ఫోన్ చేసి, ముందుగా ఆరోగ్యం ఎలా ఉందని అడగండి.