పది సీఎఫ్‌టీ తెస్తే ఆరే ఎందుకు తేలింది?

పెద్దలకు, మేస్త్రీలకు, మన పిలుపు మన్నించి వచ్చిన ఇంటి యజమానులకు నమస్కారం. విశ్వకర్మ జయంతి గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు అంతా చెప్పేశారు, నేను కలప తరుగు సంగతికి వచ్చేస్తాను. మన వడ్రంగుల మీద దొంగ ముద్ర పడేది అక్కడే.

ఒకాయన మేస్త్రీతో మాట కూడా అనకుండా కలప డిపోకి వెళ్లి మహారాష్ట్ర బల్లార్షా టేకు దుంగ తెచ్చాడు. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు, బిల్లులో 10 సీఎఫ్‌టీ, అంటే పది ఘనపుటడుగులు. కోయించి ద్వారబంధాలు చేస్తే తేలింది ఆరు చిల్లర. మిగతా నాలుగూ ఏవయ్యా అని నలుగురి ముందు అడిగి, అంతటితో ఊరుకున్నాడా, నా పనిముట్ల సంచి కూడా తెరిపించాడు. అందులో ఏముంటుంది? ఉలి, బాడిస, చిత్రిక.

లెక్క వినండి. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే డిపో లెక్క వస్తుంది. అడుగు ఇంటూ అడుగు ఇంటూ పది, అంతే. నిజానికి ఆ దుంగలో 12.7 దాకా కలప ఉంటుంది, అంటే బెరడుకీ పక్క చెక్కలకీ కొంత ముందే వదిలేసి కొలిచినట్టు. అయినా గుండ్రటి దుంగలోంచి నలుపలకల దూలం తీస్తే 8 దాటి ఎంతో రాదు. పక్కన తీసిన చెక్కల్లో బెరడు కింది తెల్లచెక్కే ఎక్కువ, పురుగు పట్టేదీ దానికే. చేవ, అంటే దుంగ నడిమి గట్టి చెక్క, తప్ప వాడొద్దని చెప్పింది ఎవరు? ఆయనే!

ఇక చిత్రిక. 5×3 అంగుళాల చెక్క నునుపు తేలేసరికి 4¾×2¾ అవుతుంది. చూడ్డానికి పావు అంగుళమే, కానీ నూటికి 13 పాళ్లు పొట్టయి పోయింది.

వెనక కూర్చున్న తమ్ముళ్లూ, ఫోన్లు పక్కన పెట్టండి, అసలు నష్టం ఇప్పుడు చెప్తున్నా. ద్వారబంధం నిలువుకి 7 అడుగులు కావాలి. పదడుగుల దుంగలో అది పోను 3 అడుగులు మిగులుతుంది, పై అడ్డానికేమో మూడున్నర కావాలి. అరడుగు తక్కువై మంచి చేవ ముక్కలన్నీ మూలన పడ్డాయి. పదకొండడుగుల దుంగ తెచ్చుంటే నిలువూ అడ్డమూ రెండూ వచ్చేవి. ఈ ముక్క అడిగితే టీ తాగేలోపు చెప్పేవాణ్ణి కదా!

బంగారం కొట్లో తరుగు అంటే నోరెత్తకుండా కడతాం, కలప దగ్గరికొచ్చేసరికి మేస్త్రీ సంచి వెతుకుతాం.

అయ్యా యజమానులూ, దుంగ కొనేముందు ఏ చెక్క ఎంత పొడవు, ఎన్ని కావాలో మేస్త్రీతో చీటీ రాయించుకోండి. కోతకి మీరే మిల్లుకి రండి. పగుళ్లు, ముడులు, లోపల డొల్ల, అన్నీ మీ కళ్లముందే బయటపడతాయి. మేస్త్రీలూ, మీరూ మొహమాటపడకండి, చీటీ ఇవ్వకుండా పని ఒప్పుకోకండి. మిగిలిన ముక్కలు అక్కడే కొలిచి, యజమానితో సంతకం పెట్టించుకుని మరీ అప్పగించండి.