తెల్లకాగితం మీద సంతకం

(చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కార్మికుల మే డే సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అన్నలకు, అక్కలకు, షిఫ్ట్ దిగి బట్టలైనా మార్చుకోకుండా వచ్చిన తమ్ముళ్లకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను లాయరని పరిచయం చేశారు. కాదప్పా. నేను ఫిల్లింగ్ సెక్షన్‌లో సూపర్‌వైజర్‌గా చేసినవాణ్ణి. ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాను కాబట్టి నల్లకోటు లేకుండానే నాలుగు ముక్కలు వంటబట్టాయి, అంతే.

నాకిచ్చిన అంశం కొత్త లేబర్ కోడ్‌లు. 2025 నవంబర్ 21 నుంచి 29 పాత చట్టాల స్థానంలో 4 కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో మీకు వెంటనే అక్కరకొచ్చేది ఒకటి చెప్తా. మీరు మానేసినా, వాళ్లు తీసేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. మిగతావి నా తర్వాత మాట్లాడే లాయరు గారు చెప్తారు. నేను తెల్లకాగితం గురించి మాట్లాడాలి. తోతాపురి సీజన్ దగ్గరికొచ్చింది. ఆ కాగితాలు మళ్లీ బయటికొస్తాయి.

ఒక సీజన్‌లో మా దగ్గర 6 డ్రమ్ముల గుజ్జు లెక్క తేలలేదు. రాత్రి షిఫ్ట్ అయ్యాక మేనేజర్ పిలిచాడు. "ఆడిట్ కోసం అందరి దగ్గరా తీసుకుంటున్నాం, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. పన్నెండేళ్లు ఒకే క్యాంటీన్‌లో టీ తాగిన మనిషి. అడిగితే ఏమనుకుంటాడో అని నాకు మొహమాటం. కాగితం మధ్యలో సంతకం పెట్టాను. చేతికున్న గుజ్జు అంటి పక్కనే పసుప్పచ్చ మరక పడింది. తుడవబోతే "పర్లేదులే" అన్నాడు.

మూడో రోజు ఆ కాగితాన్ని స్టేషన్‌లో చూశాను. డ్రమ్ములు నేనే అమ్ముకున్నానంట, సిగ్గుపడి రాజీనామా చేస్తున్నానంట! కింద నా సంతకం, పక్కన నా మరక.

నన్ను తీసుకెళ్లింది బుధవారం పొద్దున. అరెస్టు చేసినట్టు రాసుకున్నది గురువారం సాయంత్రం. మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టింది శుక్రవారం. మా ఇంటామె బయట వేపచెట్టు కింద కూర్చునే ఉంది. ప్రయాణం పోను 24 గంటల్లో కోర్టుకు తీసుకెళ్లాలని రాజ్యాంగంలో 22వ అధికరణంలోనే ఉందని ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. అందుకే అక్కలకు చెప్తున్నా, ఇంట్లో మనిషిని తీసుకెళ్తే ఏడవండి, కానీ ముందు టైమ్ చూసి రాసుకోండి. ఎన్ని గంటలకు, ఎవరొచ్చారు, ఏ స్టేషన్ అన్నారు. గ్యాస్ బుక్కు వెనకైనా సరే రాయండి.

ఇంకో మాట. ఉద్యోగి యజమాని సొత్తు దొంగిలించాడన్న కేసుకు గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. 7 ఏళ్ల దాకా శిక్ష ఉన్న కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, అవసరం లేకపోతే నోటీసిచ్చి పిలవాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. పాత సీఆర్‌పీసీ, అంటే అరెస్టులూ విచారణల పద్ధతి చెప్పే చట్టం, దాని బదులొచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 35వ సెక్షన్. నోటీసు వస్తే మాత్రం ఎగ్గొట్టకండి. వెళ్లండి, లాయరుతో వెళ్లండి.

లాయరుకు డబ్బులెక్కడివి అంటారు. ఫోన్లు తీయండి. 15100 ఎక్కించుకోండి, న్యాయసేవల వాళ్ల నంబరు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఎక్కించారా? వెనక వరుసలో ఒక్కరూ ఫోన్ తీయలేదు, నేను చూస్తూనే ఉన్నా.

మళ్లీ కాగితం దగ్గరికే వస్తాను. అందరూ స్టేషన్‌లో సంతకానికి భయపడతారు. పోలీసు దగ్గర నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో రుజువు కాదు, దాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే తప్ప. కానీ మేనేజర్ పోలీసు కాదు కదా! ఆయన చేతికి రాసిచ్చింది మన మీదికి సాక్ష్యంగా రావచ్చు. లాఠీ ఉన్నచోట జాగ్రత్తగా ఉంటాం, టీ ఇచ్చిన చోట మునుగుతాం.

కుప్పం అవతల కోలార్ బంగారు గనులు మీకు తెలుసు, మన జిల్లావాళ్లు ఎందరో చేశారక్కడ. అక్కడి సెక్యూరిటీ ఆఫీసర్ పాల్ ఆంథోనీని ఇంట్లో బంగారం దొరికిందని 1985లో సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఇవ్వాల్సిన జీవనభృతి ఇవ్వలేదు. కేరళ నుంచి విచారణకు రావడానికి ఆయన దగ్గర డబ్బుల్లేవు. ఆయన లేకుండానే విచారణ కానిచ్చి తీసేశారు. అదే సంగతి మీద క్రిమినల్ కోర్టు నిర్దోషి అంది. 1999లో సుప్రీంకోర్టు ఉద్యోగం, బాకీ జీతం మొత్తం ఇమ్మంది. పద్నాలుగేళ్లప్పా! కాబట్టి సస్పెండ్ చేస్తే భృతి కావాలని రాసివ్వండి, మీ కాగితం అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటితో అడిగింది లెక్కలోకి రాదు.

నా కేసు ఎలా తేలిందంటారా? ఆ కాగితంలో పై లైన్లు విశాలంగా ఉన్నాయి, కింది లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి నా సంతకం దగ్గరికొచ్చేసరికి చీమల్లా అయిపోయాయి. నేను మధ్యలో పెట్టాను కదా, చోటు చాల్లేదు వాళ్లకి. "సంతకానికి చోటు వదిలి రాశారా, సంతకం చూసి రాశారా?" అని మా లాయరు గారు అడిగితే మేనేజర్ నీళ్లు తాగాడు.

దాని జిరాక్స్ తెచ్చాను. ముందు వరుస నుంచి ఒకరి చేతినుంచి ఒకరికి అందించండి, ఆ కింది లైన్లు చూడండి. చూశాక నాకే తిరిగి ఇవ్వాలి. పోయినసారి మీటింగ్‌లో ఒకాయన జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.