తెర వంత పాడాలి

(అమలాపురంలో వ్యవసాయ సహాయకుల శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు కాబట్టి లైట్లు మాత్రం తీయకండి, సగం మంది నిద్రపోతారు.

నా మొదటి ప్రజెంటేషన్ రాజోలు వైపు ఒక ఊళ్లో, రామాలయం అరుగు మీద. వరికి పట్టే సుడిదోమ అనే పురుగు గురించి ముప్పై రెండు స్లైడ్లు పట్టుకెళ్లాను. ఒక్కోదాంట్లో పద్నాలుగు లైన్లు. తెరకేసి తిరిగి చదువుకుంటూ పోయాను. ఓ పెద్దాయన లేచి, "ఇదంతా జిరాక్సు తీయించి పంపేస్తే సరిపోను కదండీ, తమరెందుకు శ్రమపడ్డారు?" అన్నారు. అది మర్యాదో వెటకారమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మన జిల్లాల్లో ఆ రెంటికీ మధ్య గట్టు సన్నం కదా!

బుర్రకథ చూసే ఉంటారు. మధ్యలో కథకుడు, అటూ ఇటూ గుమ్మెట్లతో వంతలు. కథ నడిపేది కథకుడే. వంతలు "తందాన తాన" అని ఊతమిస్తారు, మధ్యలో నవ్విస్తారు. ఆ రోజు నేను తెరను కథకుణ్ణి చేసి, వంతగా మిగిలిపోయాను. పైగా రైతు తన కళ్లతో గబగబా చదివేసుకుంటాడు, నేనింకా మూడో లైన్లో ఉంటాను. చదువుతున్నవాడికి మన మాట చెవికెక్కదు.

ఇప్పుడదే విషయానికి మూడు స్లైడ్లు చాలు. మొదటిది దుబ్బు మొదలు దగ్గర తీసిన ఫోటో, అక్షరం ఉండదు. సుడిదోమ నీటికి కాస్త పైన, మొదళ్లలో చేరి రసం పీలుస్తుంది. గట్టు మీంచి చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది. ఫోటో వేసి, "పురుగెక్కడుందో చూపించండి" అని ఊరుకుంటాను. ఎవరో ఒకరు లేచొచ్చి తెర మీద వేలు పెడతారు. ఇక సభ వాళ్లదే. రెండోది కాలిబాటలు తీసిన చేను, దాని మీద రెండే అంకెలు: 2 మీటర్లకొకటి, 20 సెంటీమీటర్ల వెడల్పు. గాలీ వెలుతురూ మొదళ్లకెలా చేరతాయో నోటితోనే చెప్తాను. మూడోది నీరు తీసి ఆరబెట్టిన మడి. మందుల పేర్లు, మోతాదులు తెర మీద వద్దండి. కాగితం మీద ఇవ్వండి, కొట్టుకి పట్టుకెళ్లేది కాగితమే.

అక్షరాల సంగతి. మన ఒత్తులూ గుణింతాలూ చిన్న సైజులో అలుక్కుపోతాయి. ఇంగ్లీషుకి సరిపోయిన సైజు తెలుగుకి చాలదు. ఆఖరి వరసలో నిలబడి ఒకసారి చదివి చూసుకోండి. యూనికోడ్‌లోనే టైపు చేయండి. విండోస్‌కి మన నది పాయ పేరే ఉన్న గౌతమి ఫాంటుంది, చూశారా? పక్కనే పీడీఎఫ్ కాపీ కూడా ఉంచుకోండి. పాత ఫాంట్లలో కొట్టింది పంచాయతీ కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే.

రైతు తన చేను గోడు మొదలెట్టాడనుకోండి, కీబోర్డు మీద బి నొక్కండి. పవర్‌పాయింట్ తెర నల్లబడుతుంది, అందరూ ఆయన్నే చూస్తారు. మళ్లీ బి నొక్కితే స్లైడు వస్తుంది. కరెంటు పోతే టెన్షన్ పడకండి, దుబ్బు ఒకటి పీకి సంచిలో తెచ్చుకుంటే సరి.

ఇప్పుడు మీ పెన్‌డ్రైవులు ఇటివ్వండి. ముందు ఎవరి స్లైడులో ఎన్ని లైన్లున్నాయో లెక్కపెడదాం.