ఇంటిల్లిపాదీ కూర్చునే పందిరి

పెద్దలందరికీ నమస్కారం. మార్కెట్ నుంచి కొట్లు కట్టేసి నేరుగా వచ్చిన మిత్రులకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా తొమ్మిది రోజులు. ఆ రోజుల్లో మన తెనాలిలో ఏ పేటలో పందిరి వేసినా ముందుగా వచ్చే చర్చ ఒకటే, ఈసారి ఎవరిని పిలుద్దాం అని. నా దృష్టిలో దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పందిట్లో ఎవరు కూర్చోవాలి? ఇంటిల్లిపాదీ కూర్చోవాలని నేనంటాను. తాత, మనవరాలు, కోడలు, కొట్లో గుమస్తా అందరూ. ఆ లెక్కన కార్యక్రమాలు వేసుకుంటే ఎవరిని పిలవాలో మనకే తెలిసిపోతుంది.

కచేరీలకు ఈ కాలమే ఎందుకు కుదిరిందో వ్యవసాయం ఎరిగిన ఇళ్ళల్లో చెప్పనక్కర్లేదు. వరి కోతలు, నూర్పిళ్ళు అయిపోయి ఉంటాయి. మాగాణిలో వరి తర్వాత వేసిన మినుము, పెసర మార్చికల్లా ఇంటికొస్తాయి. దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మకాలు జోరుగా ఉండేదీ అప్పుడే. ఎండ ముదిరేకొద్దీ మన నిమ్మకాయల మార్కెట్‌కి గిరాకీ పెరుగుతుంది. కాలవలు కట్టేసే రోజులు దగ్గరపడతాయి. పొలంలో పని తగ్గుతుంది, చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. పైగా మనది రైల్వే జంక్షన్. బెజవాడ, గుంటూరు, రేపల్లె వైపు నుంచి సరుకుతో వచ్చిన మనిషి రాత్రికి మన పందిట్లో కూర్చుని పాట వినే వెళ్ళేవాడు.

విజయనగరంలో హరికథకు పేరుమోసిన ఆదిభట్ల నారాయణదాసు గారికి సంస్థానం అండ ఉంది. 1919లో అక్కడ పెట్టిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. మనకు అలాంటి దివాణం లేదు. ఇక్కడ పాటని పోషించింది కిరాణా కొట్లు, కమిషన్ వ్యాపారులు, హమాలీలు, రైతులు. ఆ పోషణ చిన్నదేమీ కాదు. స్థానం నరసింహారావు గారు పుట్టింది బాపట్లలో. స్త్రీ పాత్రలకు ఆయనకు పేరొచ్చింది మాత్రం మన ఊరి రామవిలాస సభ నాటకాలతో. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మరో రంగస్థల నటుడు ఈలపాట రఘురామయ్య గారిది మనకు దగ్గర్లోని సుద్దపల్లి. వాళ్ళ పద్యాలకు ‘వన్స్ మోర్’ కొట్టినవాళ్ళంతా సంగీతం చదువుకున్నవాళ్ళు కాదు. పగలంతా తూకాలు వేసి, బస్తాలు మోసి వచ్చినవాళ్ళే ఎక్కువ. రాగం పేరు తెలియకపోయినా, ఎక్కడ శ్రుతి తప్పిందో వాళ్ళకు తెలిసేది.

నేను హరికథ దగ్గర కాసేపు ఆగుతాను. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే కళ కావాలంటే ఇంతకు మించింది నాకు కనపడదు. మెడలో దండ, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిరతలు, పక్కన ఫిడేలు, మృదంగం. అంతే సరంజామా. ఆ ఒక్క మనిషే రాముడవుతాడు, మంథర అవుతాడు, గుహుడవుతాడు. కీర్తన వస్తుంది, పద్యం వస్తుంది, వెంటనే మామూలు మాటల్లో ఒక పిట్టకథ వస్తుంది. సంగీతం తెలిసినవాళ్ళు కల్యాణి రాగం ఎలా పాడాడో గమనిస్తారు. నానమ్మ పద్యం చివరి పాదం తనూ కలిపి అంటుంది. పిల్లాడు పిట్టకథకు పడిపడి నవ్వుతాడు. ముగ్గురూ ఇంటికెళ్ళేది ఒకే కథతో. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో ఉన్న హరికథా పాఠశాల ఎంతోమంది ఆడపిల్లలను భాగవతారిణులుగా, అంటే హరికథ చెప్పేవాళ్ళుగా తీర్చిదిద్దింది. వాళ్ళలో ఒకరిని పిలుద్దాం. మన ఆడపిల్లలు వేదిక మీద ఒక అమ్మాయి రెండు గంటలపాటు జనాన్ని కూర్చోబెట్టడం చూడాలి.

అలాగే బుర్రకథ. అందులో పేరుమోసిన పొన్నెకల్లు నాజర్ గారు మన గుంటూరు జిల్లా మనిషి, 1986లో పద్మశ్రీ వచ్చింది. తంబురాతో కథకుడు, చెరోవైపు వంత పలికే ఇద్దరు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఊళ్ళో ధరల గురించి, రోడ్ల గురించి కూడా ఆ వంత నోట వినిపించేది. ఈ కళ తెలిసిన జట్లు ఇంకా ఉన్నాయి. వాళ్ళకు ఒక రాత్రి ఇద్దాం.

సన్నాయి సంగతి కూడా చెప్పాలి. మనం దాన్ని పెళ్ళిలో గట్టిమేళానికి, ఊరేగింపుకీ పరిమితం చేసేశాం. నవమి నాడు సీతారాముల కల్యాణం దగ్గర వాయించాక మేళం వాళ్ళకు భోజనం పెట్టి పంపించేస్తున్నాం. కానీ సన్నాయి, అంటే నాదస్వరం, నిండు కచేరీ చేయగల వాద్యం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులైన కాలేషాబి, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా ముస్లిం కుటుంబాలు రాముడి గుళ్ళో త్యాగరాజ కీర్తన వాయిస్తున్న నేల ఇది. ఈ మాట మన పిల్లలకు పుస్తకంలో చెబితే ఒక ముక్క గుర్తుంటుందేమో. పందిట్లో ఎదురుగా కూర్చుని వింటే మర్చిపోరు. అందుకే తొమ్మిది రోజుల్లో ఒక సాయంత్రం పూర్తిగా సన్నాయికే ఇవ్వాలని నా కోరిక. డోలు వాళ్ళతో సహా వేదిక మధ్యలో కూర్చోబెట్టి, మైకు సరిగ్గా అమర్చి.

ఇప్పుడు టైము. పద్యనాటకం తెల్లవార్లూ ఆడిన రోజులు పోయాయని బాధపడేవాళ్ళు ఉన్నారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా లౌడ్ స్పీకర్ పెట్టకూడదు. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. నేను దీన్ని ఆటంకంగా చూడను. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. పసిపిల్లల తల్లులు చివరిదాకా ఉంటారు. పక్క వీధిలో ముసలివాళ్ళు నిద్రపోతారు. కొన్నేళ్ళు పదో తరగతి పరీక్షలు కూడా ఇవే రోజుల్లో పడతాయి. ఆ ఇళ్ళల్లో ఉండే టెన్షన్ చాలు, మన స్పీకర్లు దాన్ని పెంచకూడదు. స్పీకర్లు వీధి చివరిదాకా కట్టనక్కర్లేదు, పందిట్లో ఉన్నవాళ్ళకు వినిపిస్తే సరిపోతుంది. పాట కోసం జనమే లోపలికి వస్తారు.

డప్పు, డీజే, రికార్డు డాన్సులు కావాలనే కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు మనం వేరేది చూపించలేదు. కానీ నవమి పందిట్లో కూతుర్ని పక్కన పెట్టుకుని తండ్రి చూడలేని కార్యక్రమం వద్దు. ఇందులో మాత్రం నేను రాజీపడను.

ఏర్పాట్ల గురించి రెండు మాటలు. ముందు భాగంలో కుర్చీలు వేసి వీఐపీలకు ఉంచకండి. జంపఖానాలు పరచి పిల్లలను కూర్చోబెట్టండి, కుర్చీలు వెనక పెద్దవాళ్ళకు. ఆడవాళ్ళకు బాత్‌రూమ్ సౌకర్యం లేకపోతే వాళ్ళు గంట కూడా కూర్చోలేరు. దీన్ని అలంకరణ కంటే ముందు చూడండి. పానకం బిందెల పక్కన మంచినీళ్ళు కూడా ఉండాలి.

సంభావన. కార్యక్రమం అయిపోయాక ఫిడేలు పెట్టె పట్టుకుని కోశాధికారి కోసం వెతుక్కుంటున్న కళాకారులను నేను చూశాను. రాత్రి ఆఖరి బండి దాటిపోతుందని వాళ్ళ కంగారు. పక్కవాద్యాల వాళ్ళతో సహా అందరికీ ముందే ఒప్పుకున్న మొత్తం, ఏ రోజుది ఆ రోజే, వేదిక దిగకముందే ఇవ్వాలి. శాలువా దాని తర్వాత. చందా పుస్తకంలో మొదటి పద్దుగా ఇదే రాయండి. షామియానా, లైట్లు తర్వాత చూసుకోవచ్చు.

ఇక ప్రతి సాయంత్రం మొదటి అరగంట మన పిల్లలది కావాలి. ఒక రోజు కొత్తపేట పిల్లల కోలాటం, ఒక రోజు మారీసుపేట వాళ్ళ కీర్తనలు, ఒక రోజు పద్యాలు. పద్యం రాగంతో చదవగల పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు, ఈ సభలోనే కొందరున్నారు. నేర్పమని వాళ్ళను అడుగుదాం. ఉగాదికి ఇంకా నెల పైనే ఉంది. సాయంత్రం అయిదు తర్వాత ఎక్కడ కూడదామో మీరు చెప్పండి, హార్మోనియం నేను తెస్తాను.