సమీక్ష చదివితే పగ పట్టాలా?

(నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ పాఠం. కొత్తగా వెలువడిన ఏడు కథల, వ్యాసాల పుస్తకాలపై ఒక పాఠకురాలు సాహిత్య సభలో సమీక్ష చదివారు. ఒక రచయిత సభలోంచి లేచి వెళ్లిపోయారు. ఆమె వచ్చే నెల చదవాల్సిన సమీక్షను నిర్వాహకులు రద్దు చేశారు.)

వ్యాఖ్యాత: నమస్కారం. సూటిగా అడుగుతాను. తిక్కన భారతం చెప్పిన నేల ఇది. మన జిల్లా రచయితను మన జిల్లా మనిషే నిండు సభలో తప్పుపట్టవచ్చా?

పాఠకురాలు: ఏడింటిలో నాలుగు పుస్తకాలను మనసారా మెచ్చుకున్నాను. ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. గొడవంతా ఒక్క కథ మీద. అందులో కాపలావాడు అర్ధరాత్రి రొయ్యల గుంటలో నీటికి గాలి అందించే ఏరియేటర్ చక్రాలు ఆపేసి హాయిగా నిద్రపోతాడు...

కథకుడు: ఇదిగో, ఇక్కడే నా అభ్యంతరం! కథ రొయ్యల సాగు పాఠం కాదమ్మా. ఆ మనిషి ఒంటరితనం చూడాలి. నలభై ఏళ్లుగా కథలు రాస్తున్నాను, నాకు తెలుసు. సొంత డబ్బుతో అచ్చు వేయించుకుని, కట్టలు మంచం కింద పెట్టుకుని, ఒక్కొక్క ప్రతి చేతికిచ్చి చదవమని బతిమాలే రచయిత...

పాఠకురాలు: నేను కొనే చదివానండీ.

కథకుడు: నన్ను పూర్తి చేయనివ్వండి! అలాంటివాడిని నలుగురిలో నిలబెట్టి...

అధ్యాపకుడు: ఒక్క మాట. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసి, పింగళి సూరన కావ్యాలను...

కథకుడు: సూరన అప్పటికి బతికి లేడు కదా! బతికున్నవాడి మనసు సంగతి నేను మాట్లాడుతున్నాను.

వ్యాఖ్యాత: మళ్లీ నా ప్రశ్నకే వస్తాను. మన ఊరి పరువు...

పాఠకురాలు: ఒంటరితనం గురించే నేనూ చెబుతున్నాను. రాత్రిపూట గుంట నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. చక్రాలు ఆగితే రొయ్యలు పైకి తేలి గట్టువారకు చేరతాయి. అందుకే ఆ హోరు ఉన్నంతసేపే కాపలావాడికి నిద్ర పట్టేది. కరెంటు పోయి చప్పుడు ఆగగానే మా నాన్న ఉలిక్కిపడి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా జనరేటర్ దగ్గరికి పరుగెత్తేవారు. నిశ్శబ్దానికి భయపడే మనిషి ఆయన. రచయిత చేతిలో అంత గొప్ప కథ ఉండి జారిపోయిందనే నా బాధ.

అధ్యాపకుడు: ఇది సమీక్ష అంటే!

కథకుడు: కాదు, ఇది అనుభవం చూపించి బెదిరించడం. రేపు మత్స్యకారుల కథ రాస్తే వల వేసి చూపించమంటారా?

ప్రచురణకర్త: అసలు కొనేవాళ్లు ఎక్కడున్నారండీ? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో కొత్త పుస్తకాలు కొంటే...

వ్యాఖ్యాత: అది వేరే చర్చ. ఊరి రచయితను...

ప్రచురణకర్త: వేరే ఎలా అవుతుంది? పాఠకులే లేకపోతే సమీక్ష ఎవరి కోసం?

పాఠకురాలు: వ్యాసాల సంపుటి సంగతీ చెప్పనివ్వండి. నేలపట్టు పక్షుల మీద వ్యాసం చాలా బాగుంది, రెండుసార్లు చదివాను. కానీ నేలపట్టు నెల్లూరు జిల్లాలోనే ఉన్నట్టు రాశారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసింది కదా. పాత వ్యాసమైతే కింద తేదీ వేయాలి. ఒకే పేరా మూడు వ్యాసాల్లో...

కథకుడు: తేదీలు, పేరాలు! లెక్కలు చూడటం విమర్శా? మళ్లీ చెబుతున్నాను, రచయితను ముందు బతకనివ్వండి. పొగడకపోయినా పరవాలేదు, ఇంటికి వచ్చి చెవిలో చెప్పవచ్చు.

అధ్యాపకుడు: డబ్బు పెట్టి కొన్న పాఠకుడికి ఎవరు చెప్పాలి మరి?

కథకుడు: నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు!

అధ్యాపకుడు: మీరు చెప్పనిస్తే కదా!

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. ఊరి రచయితను కాపాడుకోవాలన్న పెద్దాయన మాటలో న్యాయం ఉంది. ముగింపుగా ఆయనే రెండు మాటలు...

కథకుడు: మూడోసారి చెబుతున్నాను. కథ రొయ్యల సాగు పాఠం కాదు. అంతే.

పాఠకురాలు: వచ్చే నెల చదవాల్సిన పుస్తకం నేను ఇప్పటికే కొన్నాను. సగం చదివాను. అందులో ఒక అవ్వ పాత్ర ఉందండీ, ఆమె...

వ్యాఖ్యాత: సమయం లేదమ్మా. నమస్కారం.